ఎడమవైపు మూల

ముప్పై ఒక్క పుస్తకాలు.
కాకిలెక్క కాదు, నేనే ఎంచాను.
క్లైపెడా అచ్చాఫీసులో సిరా ఆరకముందే
ఒక్కో పేజీ వెలుతురుకెత్తి చూడటం నా కొలువు.
ప్రతి పుస్తకంలోనూ ఎక్కడో ఒకచోట
ఎడమవైపు మూలన
గోరంత కాకి.
కథకి దానితో పనిలేదు.
కుందేలు పెళ్లిలో గుమ్మం పక్కన,
సముద్రం అడుగున నత్తల బడిలో కూడా,
ఎలా వచ్చిందో, తడవకుండా
వెనక బల్ల చివర.

ఎర్డ్‌మూటె ఇసుకదిబ్బల ఊరినుంచి
పడవలో వచ్చేది,
బొమ్మలు చేపల కాగితంలో చుట్టుకుని.
ఆమె వెళ్లాక రెండ్రోజులు
మా గదిలో పొగబెట్టిన చేప వాసన.
నలుపు ఎప్పుడూ కొనలేదు.
పొగగూటి గోడ గీకిన మసిలో
పచ్చసొన వేసి నూరుకునేది.
"కొన్న నలుపుకి ఆకలి తెలీదోయ్" అనేది.
ఎరుపేమో బీట్‌రూట్‌ది.
ఏడాది తిరక్కుండా వెలిసిపోయేది, ఆమెకి పట్టేది కాదు.
బొమ్మలెక్కడ నేర్చావంటే
నాన్న పడవ కొయ్య మీద
గాలి ఎటో చెప్పే చెక్కజెండాకి రంగులేస్తూ, అంది.
గాలి మారినప్పుడల్లా
బొమ్మ మొహం తిప్పేసుకునేదట.

డెబ్బైనాలుగులో పైనుంచి కాగితం వచ్చింది:
'కాకి దిగులు పుట్టిస్తోంది.
మన పిల్లలకి దిగులు అనవసరం.'
నా చేతికి బ్లేడిచ్చారు.
ప్లేటు మీద కాకిని గోకెయ్యడానికి ఎంతసేపు?
ఒక దగ్గు దగ్గినంతసేపు.

ఆ చలికాలం బస్తాడు ఉత్తరాలు.
వంకర అక్షరాలు, జామ్ మరకలు.
కాకి చచ్చిపోయిందా?
కాకికి జ్వరమా?
ఒకడు తనే గీసి పంపాడు, మూడు కాళ్లతో,
'ఇది పెట్టుకోండి, మళ్లీ ఇవ్వక్కర్లేదు' అని.
అందరికీ ఆమె ఒకటే జవాబు రాసింది:
'చలికి వేరే పేజీకి వెళ్లింది.'

బస్తా మోసుకెళ్లింది నేనే.
గోకింది నేనేనని
గుమ్మంలోనే చెప్పేశాను, టోపీ తియ్యకుండా.
ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసి
కూర్చోమంది.

"శరదృతువులో కాకులు గుంపులుగా దిగేవి.
నాన్న ఇసుకలో వల పాతి చేపలు చల్లేవాడు.
రెండు చేతులూ వలకే సరిపోయేవి, అందుకని
తల కొరికి చంపేవాడు.
చలికాలానికి పీపాలో ఉప్పేసేవాళ్లం.
నాకప్పుడు ఏడేళ్లు, సంచి పట్టుకునేదాన్ని.
ఒకటి బతికే ఉంది.
ఎడమ కన్ను తెరిచి నన్ను చూసింది.
దాన్ని నాన్న చేతికి
నేనే అందించాను."

కిటికీ అద్దానికి ఇసుక తగులుతున్న చప్పుడు.

"ఆ రాత్రి తిన్నాను కూడా.
బాగుంది.
ఇంకో ముక్క అడిగాను."

అందుకేనా ఈ కాకులన్నీ, అన్నాను,
క్షమాపణకా?
నవ్వింది. పళ్లు మసిబారి ఉన్నాయి,
కుంచె నోట్లో పెట్టుకునే అలవాటు.
"కాకులకి చదువొచ్చా ఏంటి!
చూసింది కదా నన్ను,
ఇంకా చూస్తోంది. అంతే.
టీలో పంచదార ఎన్ని?"

తర్వాతి పుస్తకంలో
ఎలుగుబంటి నిద్రపోయే పేజీలో
మంచు మీద రెండు కాకులు.
ఒకదాని ముక్కున ఏదో సన్నగా మెరుస్తోంది.
ఆ పేజీ నేనే వెలుతురుకెత్తి చూశాను.
చాలాసేపు చూశాను.
బాగానే ఉందని సంతకం పెట్టాను.

ఆమె పోయి తొమ్మిదేళ్లు.
నిన్న మనవరాలు ఆ పుస్తకం
నా కళ్లజోడుకి ఆనించి అడిగింది,
తాతా, ఈ కాకి నోట్లో ఏంటి?

చేపముక్క,
అన్నాను.